మెల్లకన్ను మీద పదకొండు పేజీలు

సఫోక్‌లో ఒక పల్లె చర్చి. శనివారం ఉదయం. ఇత్తడి సామాను తోముతున్న మిస్ హెస్టర్, ఎనిమిది నెలల క్రితం ఊరికి పాస్టరుగా వచ్చిన ఫెన్ అయ్యగారు.

"గాలికి ఊడిపోయిందండీ అయ్యగారూ."

"నాలుగు మేకులు కొట్టి పెట్టిన నోటీసు గాలికి ఊడిందా హెస్టర్ గారూ?"

"మా గాలి మీకింకా కొత్త. సముద్రం మీంచి తిన్నగా వచ్చేస్తుంది, మధ్యలో ఎక్కడా ఆగదు."

"మేకుల్ని కూడా పట్టుకుపోయిందా? గుమ్మం మీద ఒక్కటీ లేదు."

"మేకులు మంచివండీ. అలా వదిలేస్తే తుప్పు పడతాయని... అంటే, ఎవరో తీసి దాచి ఉంటారు."

"ఎవరో!"

"ఎవరో. కాస్త ఆ కొవ్వొత్తుల సెమ్మె ఇటందుకోండి, తోమాలి."

"ఇదిగో. చూడండి, ఆ నోటీసు ఇరవై ఎనిమిది రోజులు చర్చి గుమ్మానికి ఉండాలి. అది చట్టం. ఊళ్ళో ఎవరికైనా అభ్యంతరం ఉంటే రాసి ఇవ్వచ్చు. ఊరంతా కలిపి ఒక్కరికే ఉంది."

"చూశారా! ఒక్కరికైనా ఉంది."

"ఆ ఒక్కరూ పదకొండు పేజీలు రాశారు."

"ఆఖరి పేజీ వెనక కూడా రాశాను. తిప్పి చూశారా?"

"చూశాను. గోడకున్న కన్నానికి ఒక చెక్క అడ్డం పెడతామంటే ఇంత రాతా!"

"కన్నం అనకండి. దాని పేరు మెల్లకన్ను. మా ముత్తాతల నాటినుంచీ ఊరంతా అలాగే అంటుంది."

"సరే, మెల్లకన్నే. ఇంత లావు గోడకి ఏటవాలుగా తొలిచిన మెల్లకన్ను. అందులోంచి చలిగాలి వస్తోంది. జనం ప్రార్థనకి మోకరిస్తే మళ్ళీ లేవలేకపోతున్నారు."

"ఆరువందల ఏళ్ళుగా వస్తోంది ఆ గాలి. ఎవరి మోకాళ్ళూ ఊడిపోలేదు."

"అప్పటివాళ్ళంతా చచ్చిపోయారండీ."

"మోకాళ్ళ వల్ల కాదు కదా."

"హెస్టర్ గారూ, ఇవాళ సాయంత్రంలోగా మీరు అభ్యంతరం వెనక్కి తీసుకోకపోతే ఇది బిషప్ గారి కోర్టుకి వెళుతుంది. నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఒక కన్నం... ఒక మెల్లకన్ను గురించి నేను కోర్టులో నిలబడాలా?"

"నిలబడండి. నేను కూడా వస్తాను, దారిలో తినడానికి రొట్టె తెస్తాను. అసలు అదెందుకు తొలిచారో తెలుసా మీకు? పాపం కుష్ఠురోగులు దూరంగా కూర్చుని బలిపీఠాన్ని చూసుకునేందుకు! అలాంటిదాన్ని మూయడానికి చేతులెలా వస్తాయండీ?"

"కుష్ఠురోగుల్ని చర్చి లోపలికే రానిచ్చేవారు కాదు. ఇదేమో లోపల, పక్క నడవలో ఉంది. వాళ్ళు అందరి మధ్యనుంచీ నడుచుకుంటూ వచ్చి, ఇక్కడ కూర్చుని, దూరంగా ఉండేవారా?"

"పుస్తకంలో ఉందండీ."

"ఏ పుస్తకంలో?"

"తలుపు దగ్గర బల్ల మీద పెట్టామే, చిన్న పుస్తకం. మన చర్చి చరిత్ర."

"అది రాసింది మీరే కదా!"

"అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను."

"ఈ నడవలో కూర్చునేవాళ్ళకి స్తంభాలు అడ్డం. పాస్టరు గారు రొట్టె పైకెత్తినప్పుడు వాళ్ళకీ కనపడాలని తొలిచారు, అంతే. ఇప్పుడు ఈ నడవలో కూర్చునేదెవరు? మీరొక్కరే."

"ఒక్కదాన్నైతే మనిషిని కానా?"

"అయ్యో, అలా అన్నానా? మీ ఒక్కరికీ ఇంతకన్నా మంచి చోటు చూపిస్తానంటున్నాను. వెనక తలుపు దగ్గర, బాప్తిస్మపు తొట్టి పక్కన..."

"తొట్టి పక్కనా? పిల్లల నెత్తిన నీళ్ళు పోశాక మీరు చెయ్యి దులుపుతారు. ఆ దులిపేది ఎటో తెలుసా? ఆ బల్ల మీదకే. నాకున్నవి రెండు టోపీలు."

"సరే. ప్రసంగ వేదిక కింద కూర్చోండి."

"'పశ్చాత్తాపం' అన్నప్పుడల్లా తుంపర్లు పడతాయి. మీకు ముందున్న అయ్యగారికి పళ్ళు లేవు, ఆయన హయాంలో ఆ బల్లవాళ్ళు గొడుగు తెచ్చుకోవాలనుకునేవారు."

"పోనీ మధ్యలో, గోడబొమ్మకి ఎదురుగా?"

"నరకానికి ఎదురుగానా! ఆ పాత బొమ్మ మీది సున్నం గీకడానికి వచ్చినవాడు నరకం వైపంతా శుభ్రంగా గీకాడు. స్వర్గం దగ్గరికొచ్చేసరికి పెళ్ళి కుదిరి ఊరొదిలి వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళయింది. మాకు కనిపించేది నరకం ఒక్కటే. స్వర్గం సున్నం కింద ఉందని నమ్ముకుని బతుకుతున్నాం. పైగా అందులో జనాన్ని తాడేసి లాగే దయ్యం అచ్చం మా బావగారిలా ఉంటాడు. వారం వారం ఆయన మొహం చూడలేను."

"దొరగారి పెట్టెబల్ల? ఆ కుటుంబంలో ఎవరూ మిగల్లేదు, ఖాళీగానే ఉంది."

"నాలుగు పక్కలా చెక్కగోడలు, ఒక తలుపు, దానికో గడియ! అందులో కూర్చుంటే నన్ను ఎవరో మడతపెట్టి బీరువాలో పెట్టినట్టు ఉంటుంది."

"ఇంత చర్చిలో ఇంకెక్కడా నచ్చదా మీకు?"

"నచ్చిన చోటే కూర్చున్నాను కదండీ. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా."

"అదే నాకు అంతుపట్టడం లేదు. మొత్తం చర్చిలో ఇంతకన్నా పనికిమాలిన చోటు లేదు. ఎదురుగా ముగ్గురు మనుషులంత లావు స్తంభం. ఇక్కడినుంచి నేను కనిపించను, నా మాట సరిగ్గా వినిపించదు."

"నేనెప్పుడైనా దాని గురించి ఫిర్యాదు చేశానా?"

"లేవండి ఒకసారి. నేను కూర్చుని చూస్తాను."

"వద్దండీ. బల్ల కాలు విరిగింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"మీరు దాని మీద కూర్చునే తోముతున్నారు కదా!"

"నేను తేలిక. మీకు టీతో ఊరంతా కేకులు పెడుతోంది. అయ్యగారూ, పైన గబ్బిలాలున్నాయి."

"పగలు గబ్బిలాలేమిటి?"

"నిద్రలో జారిపడతాయి. జాగ్రత్త, నక్క!"

"ఏదీ నక్క?"

"బల్ల చివర చెక్కింది. బిషప్ గారి టోపీ పెట్టుకుని బాతులకి ప్రసంగం చేస్తుంది కదా, దాని చెవి గుచ్చుకుంటుంది. నా మేజోళ్ళు ఎన్ని చిరిగాయో!"

"ఈ నక్కంటే నాకు ఇష్టం. ఈ బాతులంటే ఇంకా ఇష్టం, ఒక్కటి కూడా నిద్రపోదు. కాస్త జరగండి. అబ్బ! ఏం చలి!"

"అందుకే చెప్పాను. లేవండి మరి."

"ఉండండి. ఇటు చూస్తే స్తంభం. అటు చూస్తే గోడ. ఇలా ఎడమకి ఒంగితే... ఓహో."

"ఓహో ఏమిటి? ఓహోలేం లేవు అక్కడ."

"మెల్లకన్నులోంచి బలిపీఠం కనపడాలి కదా? కనపడటం లేదే!"

"మా అమ్మ చిన్నప్పుడు మధ్యలో ఆర్గన్ తెచ్చి పెట్టారండీ. అప్పటినుంచి కనపడదు."

"మీ పదకొండు పేజీల్లో 'బలిపీఠ దర్శనం' అని తొమ్మిది చోట్ల రాశారు!"

"మనసుతో చూస్తాను."

"కళ్ళతో చూస్తే ఆర్గన్ పక్కభాగం కనిపిస్తోంది. దాని పైన ఒక అద్దం. గూచ్ గారి అద్దం కదూ, ఆర్గన్ వాయిస్తూ నన్ను చూడటానికి పెట్టుకున్నది?"

"అదే అనుకుంటాను. దుమ్ము పట్టి ఉంటుంది. ఏమీ కనిపించదు."

"తళతళలాడుతోంది! ఎవరో రోజూ తుడుస్తున్నారు."

"ఇత్తడి తోముతూ తోముతూ దాని మీద కూడా ఒక గుడ్డ వేస్తుంటాను. అందులో తప్పేముంది?"

"తప్పేమీ లేదు. అద్దంలో స్టూలు కనిపిస్తోంది. గూచ్ గారు కూర్చునే స్టూలు."

"స్టూలే కదా. చూసేశారుగా. లేవండి ఇంక."

"ఆదివారం ఆ స్టూలు ఖాళీగా ఉండదు కదా హెస్టర్ గారూ? ఏమండీ? తోమడం ఆపేశారు."

"సెమ్మె అరిగిపోయిందండీ."

"హెస్టర్ గారూ..."

"సరే! గూచ్ గారు ఈ ఊరు వచ్చింది ఈస్టరుకి ముందు వారం. నేను ఈ బల్లకి మారింది ఈస్టరు తర్వాతి వారం. చాలా? ఇంక ఇది కూడా బిషప్ గారికి రాసుకోండి, పన్నెండో పేజీ అవుతుంది."

"నేనెవరికీ రాయను."

"ఆఖరి చరణం వాయించే ముందు ఆయన కుడి కనుబొమ పైకి లేస్తుందండీ. మీరంతా చూడరు. ఎవరూ చూడరు. అమ్మ మంచంలో ఉన్న పద్నాలుగు ఏళ్ళూ నేను ఇల్లు కదిలింది ఆదివారం ఒక్క గంటే. ఆ గంటలో నాకు ఆ కనుబొమ చాలు. నాకు ఆయనంటే ఇష్టం. చెప్పేశాను. నవ్వుకోండి."

"నవ్వడం లేదండీ."

"మీ భుజాలు నవ్వుతున్నాయి."

"చలికి వణుకుతున్నాయి. ఆయనకి ఎప్పుడూ చెప్పలేదా?"

"మాట్లాడుకుంటాం కదా. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక బయట వసారాలో."

"ఏం మాట్లాడుకుంటారు?"

"వాన గురించి."

"ఇంకా?"

"మంచు గురించి."

"ముప్ఫై ఒక్క ఏళ్ళూనా!"

"మధ్యలో ఒకసారి వడగళ్ళు పడ్డాయి. ఆ వారం చాలాసేపు మాట్లాడుకున్నాం."

"మాట్లాడేటప్పుడైనా ఆయన్ని ఎదురుగా చూసేవారా?"

"ఎలా చూస్తామండీ? ఆయన ఆకాశం వంక చూస్తారు, నేను ఆయన బూట్ల వంక చూస్తాను. ఇక్కడైతే హాయి. నేను చూస్తున్నట్టు ఆయనకి తెలీదు కదా."

"తెలీదా?"

"ఎలా తెలుస్తుంది? నావైపు ఆయన వీపు ఉంటుంది."

"హెస్టర్ గారూ, అది అద్దం."

"అవును."

"అందులో మీకు ఆయన కళ్ళు కనిపిస్తాయా?"

"ఎందుకు కనిపించవు? బూడిదరంగు కళ్ళు."

"మీకు ఆయన కళ్ళు కనిపిస్తుంటే, మరి ఆయనకి..."

"ఆయనకి?"

"మీ కళ్ళు కనిపిస్తాయి."

"అదెలా?"

"అద్దం అంతేనండీ."

"అన్ని అద్దాలూనా?"

"అన్నీ."

"మీరు చదివింది దైవశాస్త్రం. అద్దాల గురించి మీకేం తెలుసు?"

"కావాలంటే నేను వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చుంటాను, మీరు ఇక్కడే..."

"వద్దు! వద్దు! అయ్యో దేవుడా, పిప్పరమెంటు బిళ్ళలు!"

"ఏ బిళ్ళలు?"

"మీరు ప్రసంగం మొదలుపెట్టగానే ఒకటి బుగ్గన పెట్టుకుంటాను. మూడోది కరిగేసరికి మీది అయిపోతుంది."

"నాది మూడు బిళ్ళల ప్రసంగమా?"

"పెంతెకొస్తు పండక్కి ఐదు పట్టాయి. అవన్నీ చూశారంటారా? ఆకుపచ్చ టోపీ కూడా? ఆ టోపీ నాలుగేళ్ళు పెట్టుకున్నాను! ఒకసారి నోరంతా తెరిచి ఆవులించాను. స్తంభం ఉంది కదా అని చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు!"

"అదలా ఉంచండి. ఆ అద్దం అసలు నావైపు తిరిగి ఉండాలి. నేను చెయ్యి ఎత్తగానే ఆయన పాట ఎత్తుకోవాలి. ఎప్పుడూ ఎత్తుకోరు. నేను దగ్గాలి, మళ్ళీ దగ్గాలి. ఆయనకి చెవులు మందమని నేను గట్టిగా దగ్గుతున్నాను ఎనిమిది నెలలుగా."

"తుడిచేటప్పుడు నేనే తిప్పేసి ఉంటాను. అన్నీ నా వల్లే. ఛీ! మొహం చెల్లదు నాకింక."

"ఇదిగో నీళ్ళు తాగండి."

"అది పూలకుండీ అయ్యగారూ. ముందు నాకు ఒక మాట చెప్పండి. మెల్లకన్ను మూయించమని మీ చెవిలో వేసిందెవరు? మీ అంతట మీకు తోచలేదు, నాకు తెలుసు. మిసెస్ ఓటవేనా? ప్లమ్ కేకు పట్టుకుని ఆర్గన్ చుట్టూ తిరుగుతుంటుంది."

"ఆవిడ కాదు. ఇంకేం అడగకండి. ఆయన పేరు బయటపెట్టనని మాటిచ్చాను."

"'ఆయన' అన్నారు. మగమనిషన్నమాట."

"నేనలా అనలేదు."

"అన్నారు. గంట కొట్టే డాబ్స్ కాదు, అతను గోపురంలో ఉంటాడు. సంఘపెద్ద విల్మాట్ గారు కాదు, ఆయన వేసవిలో కూడా రెండు కోట్లు వేసుకుంటారు. మెల్లకన్ను గాలి తగిలేది ఇద్దరికే. ఇటువైపు నేను. అటువైపు..."

"హెస్టర్ గారూ, ఆ సెమ్మె ఇంకా కాస్త..."

"అటువైపు..."

"వద్దండీ."

"ఆయనేనా? చర్చిలో ఉన్నారు అయ్యగారూ. అబద్ధం ఆడకండి."

"ఆయనే. ఉత్తరం రాశారు."

"గూచ్ గారు."

"చలిగాలికి ఇబ్బంది పడుతున్నారండీ పాపం. వయసు మీద పడుతోంది కదా, అరవై నాలుగు..."

"ఎక్కడ పెట్టాలి సంతకం?"

"తొందరేం లేదు."

"ఎక్కడ పెట్టాలో చూపించండి. నా అభ్యంతరం నేను తీసేసుకుంటున్నాను. మూయించండి. ముప్ఫై ఒక్క ఏళ్ళు నా బిళ్ళలూ నా టోపీలూ నా ఆవులింతలూ భరించారు. మర్యాదస్తులు, ఒక్కమాట అనలేదు. ఇంక ఓపిక చచ్చి మూయించమన్నారు. అంతే కదా? కాస్త అటు తిరగండి, నాకు ఏడుపొస్తోంది."

"ఏడవకండి. అసలు మీ గురించి చెడుగా ఒక్క ముక్క లేదందులో. ఉండండి, జేబులోనే ఉంది, చదువుతాను. మాట తప్పితే తప్పాను."

"వద్దు. నేను వినను."

"'గౌరవనీయులైన ఫెన్ అయ్యగారికి. ఆ మెల్లకన్ను వల్ల నా పని పాడవుతోంది. చేతులు ఆగిపోతున్నాయి. పాటలు ఆలస్యంగా ఎత్తుకుంటున్నాను.' చూశారా? చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి."

"వింటున్నాను. చదవండి."

"'ముప్ఫై ఏళ్ళు ఓర్చుకున్నాను. ఇంక నా వల్ల కాదు. దయచేసి మూయించండి. మూశాక మిస్ హెస్టర్‌ని ఆ నడవలో ఒంటరిగా ఉంచవద్దు. ఆర్గన్ పక్కన ఒక పొట్టి బల్ల ఉంది. ఆమెకి అది ఇప్పించగలరు.' మీ గురించి ఎంత ఆలోచించారో చూడండి!"

"ఆర్గన్ పక్కనా?"

"పక్కనే. స్టూలుకి మూరెడు దూరం. 'అద్దంలో కుడి ఎడమవుతుంది. నవ్వితే సొట్ట ఏ పక్కన పడుతుందో నాకు ఇప్పటికీ తెలీదు. ఈ వయసులోనైనా ఉన్నది ఉన్నట్టు చూడాలని ఉంది.' ఇక్కడికొచ్చేసరికి నేను ఆయనకి కొత్త కళ్ళజోడు కావాలేమో అనుకున్నాను. సొట్ట అంటే అద్దానికి పడ్డ సొట్ట అనుకుని... అద్దానికి సొట్ట ఏమిటి? హెస్టర్ గారూ."

"ఊఁ."

"మీరు ఒకసారి నవ్వండి."

"నవ్వను. అందులో గాలి అన్న మాట ఎక్కడుందో చూపించండి."

"మొదట్లోనే... లేదే. రెండో పేజీలో... లేదు. ఎక్కడా లేదు! చలి కూడా లేదు. నేనే అనుకున్నాను. నేనే నోటీసు రాశాను, నేనే మేకులు కొట్టాను. గాడిదని నేను."

"మీరు చిన్నవారు. ఇటివ్వండి ఆ ఉత్తరం."

"ఉత్తరం నాకు రాసింది కదండీ."

"సొట్ట మీదా? ఇటివ్వండి."

"తీసుకోండి. రేపు పొట్టి బల్ల మీద కూర్చుంటారు కదూ?"

"కూర్చుంటాను. కొత్త టోపీ కొనుక్కోవడానికి టైము లేదు, ఉన్నదాంతోనే కూర్చుంటాను."

"అమ్మయ్య! అయితే నోటీసు వెనక్కి తీసేసుకుంటాను. కోర్టూ వద్దు, చెక్కా వద్దు. ఆరువందల ఏళ్ళ మెల్లకన్ను, దాన్నెందుకు ముట్టుకోవడం?"

"అదేమిటి? మూయాలి."

"మీరు అటు వెళ్ళిపోయాక ఇక్కడ కూర్చునేవాళ్ళెవరున్నారండీ?"

"ఇవాళ ఎవరూ లేరు. ఈ బల్ల ఖాళీ అయిందని తెలిస్తే, ఊళ్ళో ఒంటరి ఆడవాళ్ళు ఇంకా నలుగురున్నారు. చెక్క చాలదు అయ్యగారూ, రాయి పెట్టి కట్టించండి!"